గొట్టంలో లేని ఊరు

ఆగస్టు పద్దెనిమిది, సోమవారం పొద్దున్న మావారు రేకుపెట్టె తాళం తీసి, అందులోని పొడవాటి గొట్టం మూత తిప్పి, బల్ల మీద బోర్లించి కొడితే లోపల్నుంచి మా ఊరు రాలేదు.

కాస్త దుమ్ము రాలింది. నూట పద్దెనిమిది ఇళ్ళు, పదకొండు వీధులు, ఒక చర్చి, మూడు సారా కొట్లు గీసి ఉన్న పటం మాత్రం లేదు.

"హల్డా, నువ్వేమైనా తీశావా?" అన్నారు మావారు.

"నేనెందుకు తీస్తానండీ? రొట్టెల కింద పరచడానికా?"

ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది. మావారు ఆసా పెటిగ్రూ, సూది చేతిలో దిగబడినా నవ్వే మనిషి. జీనులు, పగ్గాలు కుట్టే కొట్టు ఆయనది. ఆ యేడు, అంటే పద్దెనిమిది వందల డెబ్భై తొమ్మిదిలో, ఆయన ఆల్డర్ క్రాసింగ్‌కి రెండో మేయరు. మొదటాయన మూడు నెలలు చేసి, కొండల్లో బంగారం పడిందని విని, కుర్చీ వెనక్కి కూడా నెట్టకుండా వెళ్ళిపోయాడు. మేయరు పని ఏమిటని ఎవరైనా అడిగితే మావారు, "పందులు ఎవరివో తేల్చడం" అనేవారు. నిజంగానే వారంలో నాలుగు రోజులు అదే పని.

కానీ ఆ వేసవిలో అంతకంటే పెద్ద పని వచ్చి పడింది. మేం కట్టుకున్న ఇళ్ళు మావే, వాటి కింది నేల మాత్రం ప్రభుత్వానిది. అది మాదయ్యే దారి ఒక్కటే. మేయరు ఊరి పటం పట్టుకుని హెలెనా పట్నం వెళ్ళాలి. అక్కడి భూముల ఆఫీసులో ఊరందరి తరఫున మొత్తం నేలను తన పేర రాయించుకోవాలి. తిరిగొచ్చి ఇంటింటికీ తన చేత్తో పట్టా రాసివ్వాలి. గడువు ఆగస్టు ఇరవై తొమ్మిది. ఆ రోజు దాటిందంటే నేలంతా ఒక గనుల కంపెనీకి పోతుంది. అక్కడ బంగారం ఉందని వాళ్ళు అప్పటికే అర్జీ పెట్టుకుని కూర్చున్నారు. మా వంటింటి కింద కూడా ఉందట. ఆరేళ్ళుగా ఊడుస్తున్నాను, నాకెప్పుడూ తగల్లేదు.

హెలెనాకి గుర్రపు బండి వారానికొక్కసారి, మంగళవారం నాడు. రెండు రోజుల ప్రయాణం. ఇరవై ఆరున వెళ్దామనుకున్న మావారు, ఆ కంపెనీ మనిషి ప్రెంటిస్ డౌడ్ శనివారం మా ఊళ్ళో దిగడంతో మనసు మార్చుకున్నారు. సోమవారమే పటం మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, పంతొమ్మిదినే బండెక్కుతానన్నారు. ఆ సోమవారమే గొట్టం ఖాళీ అయింది.

*

పెట్టె తాళం విరగలేదు. తాళంచెవి మావారి గడియారం గొలుసుకే ఉంది. ఈ రెండు ముక్కలూ మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయాయి. కొట్టు నిండా జనం. తోలు వాసనకి మనుషుల చెమట వాసన తోడైంది.

కమ్మరి క్రౌజ్ అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయన గొంతు, ఆయన సమ్మెట ఒకే రకం.

"మేయరు గారూ, నాకర్థం కాక అడుగుతున్నా. తాళం విరక్కుండా, చెవి పోకుండా పటం ఎలా పోయింది? చిమ్నీలోంచి ఎగిరిపోయిందా?"

"నాకు తెలిస్తే నీకంటే ముందు నేనే చెప్పేవాణ్ణి క్రౌజ్."

"మరి కంపెనీ వాళ్ళకి మీ కొట్టు నచ్చిందని, పెద్ద బేరం చెప్పారని ఎవరో అన్నారే?"

"నా కొట్టు కప్పు కారుతుంది. ఎవరికైనా నచ్చిందంటే ముందు వాళ్ళని డాక్టరుకి చూపించాలి."

కొందరు నవ్వారు. క్రౌజ్ నవ్వలేదు. ఇంతలో వెనకనుంచి ఎవరో, "డౌడ్ గాణ్ణి పట్టుకోండి! తారు పూసి ఊరేగిస్తే పటం వాడి నోట్లోంచే వస్తుంది!" అని అరిచారు. జనం ఒక్కసారి గుమ్మం వైపు తిరిగారు. ఎవరో అప్పుడే తారు పీపా సంగతి కూడా ఆలోచిస్తున్నారు.

మావారు బల్ల ఎక్కి నిలబడ్డారు. ఆయన పొట్టి మనిషి. బల్ల ఎక్కితే గానీ మేయరులా కనిపించరు.

"వినండి. డౌడ్ ఇవాళ్టినుంచి మా ఇంట్లో ఉంటాడు. మా బల్ల దగ్గరే తింటాడు. వాడి మీద చెయ్యి వెయ్యాలంటే మా హల్డా వంటింటిని దాటుకుని రావాలి. ఎవరొస్తారో రండి."

ఎవరూ రాలేదు. వంటింట్లో నా సంగతి ఊరికి తెలుసు.

నేను మాత్రం మావారి చెవిలో, "నన్నొక్కమాట అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"అందుకే."

సర్వేయరు ట్వీడీని పిలిపించారు. ఓరిన్ ట్వీడీ మా ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, తను నేల కొలిచే గొలుసులాగే ఉండేవాడు. చంకలో ఎప్పుడూ నాలుగైదు కాగితం చుట్టలు. ఊరి పటం గీసింది అతనే. "మిస్సోరీ నదికి ఇటుపక్కన ఇంత తిన్నని వీధి లేదు" అని రోజుకొకసారైనా అనకపోతే అతనికి అన్నం సహించేది కాదు.

"మళ్ళీ గీయడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగారు మావారు.

ట్వీడీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "వారం. మళ్ళీ మొదట్నుంచీ కొలవాలి."

"కొలతల పుస్తకం ఉందిగా?"

"ఉంది. అయినా కొలవాలి."

వచ్చే మంగళవారమే ఆఖరి బండి. మావారు సరేనన్నారు. ఇంకేం అనగలరు?

*

ఆ వారం కొట్టుకి పగ్గాలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ముగ్గురు. మామూలుగా రోజుకే పది మంది వచ్చేవారు. బుధవారం పొద్దున్న ఎవరో కొట్టు తలుపు మీద సుద్దముక్కతో 'ఊరు అమ్మబడును, లోపల విచారించండి' అని రాసిపోయారు. మావారు దాన్ని చెరపలేదు. గురువారం దాని కింద తనే 'పందులు కూడా' అని రాశారు.

బయటికి అలాగే ఉన్నారు. లోపల మాత్రం రాత్రి కంచంలో రొట్టె సగం మిగిల్చేవారు. నాతో ఒకసారి అన్నారు: "నన్ను దించేస్తే దించేయనీ హల్డా. మలోయ్‌ని ఆ ఇంట్లోంచి వెళ్ళిపొమ్మని చెప్పే పని మాత్రం నాకు పెట్టకూడదు."

బ్రిజిట్ మలోయ్ మా వీధి చివర, ఏటి ఒడ్డున బట్టలుతికేది. భర్త పోయాక ఆ ఇంటిని తన చేత్తో దుంగ మీద దుంగ పెట్టి కట్టుకుంది.

అద్దెకుండేవాళ్ళతో కలిపి మా బల్ల దగ్గర ఆ వారం ఆరుగురు తినేవారు. డౌడ్ మర్యాదగానే ఉండేవాడు. చిక్కుడు గింజలు రెండుసార్లు వడ్డించుకుని, "అమ్మా, మీ చేతి వంట తిన్నాక ఈ ఊరు ఖాళీ చేయించాలంటే మనసొప్పడం లేదు" అన్నాడు ఒకరోజు.

"ఒప్పకపోతే అర్జీ వెనక్కి తీసుకోండి," అన్నాను.

"మనసు నాది, అర్జీ కంపెనీది అమ్మా."

ఆరో కుర్చీ ట్వీడీది. అది మాత్రం మధ్యాహ్నం ఖాళీ. రెండేళ్ళలో మధ్యాహ్నం భోజనానికి ఒక్కరోజూ తప్పని మనిషి, ఆ వారం శనివారం దాకా ఒక్కరోజూ రాలేదు. సాయంత్రం వచ్చి చల్లారిన మొక్కజొన్న రొట్టె నమిలేవాడు. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోతోంది. గురువారం నా దండెం కర్ర కావాలని అడిగాడు.

"కర్రెందుకయ్యా?"

"నిలబెట్టడానికి."

"నేనూ అందుకే వాడతాను," అన్నాను. కర్ర ఇచ్చాను.

శుక్రవారం డబ్బాలో భోజనం సర్ది నేనే వీధి చివరికి పట్టుకెళ్ళాను. ఎండ నడినెత్తిన ఉంది. మలోయ్ ఇంటి పక్క ఖాళీ జాగాలో నా దండెం కర్ర నిటారుగా నిలబడి ఉంది. దాని నీడ కొస దగ్గర నేల మీద గులకరాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ట్వీడీ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేతిలో గడియారం పట్టుకుని నీడ వైపే చూస్తున్నాడు. దిక్సూచి పెట్టెలోంచి తీయనే లేదు.

నేను పలకరించకుండా మలోయ్ దగ్గరికి వెళ్ళాను. ఆమె తొట్టి మీద వంగి చొక్కాలు బాదుతోంది.

"హల్డమ్మా, మీ ట్వీడీకి ఏమైంది? నిన్నటినుంచీ నా సబ్బు తొట్టి చుట్టూ మూడుసార్లు గొలుసు పట్టుకుని తిరిగాడు. పెళ్ళి సంగతి అడుగుతాడేమోనని జుట్టు కూడా దువ్వుకున్నాను."

"అడిగాడా?"

"అడిగాడు. 'మీ ఇంటి మూలదుంగ నేను పాతిన గుంజ దగ్గరే వేశారా?' అని అడిగాడు. ఇంకెక్కడ వేస్తాను, నా పుట్టింట్లోనా? ఆ గుంజకి ఆనించే వేశానని చెప్పాను. చెబితే ఏడుపుమొహం పెట్టాడు."

డబ్బా ట్వీడీకి ఇచ్చాను. అతను తల ఎత్తకుండానే, "అమ్మా, క్రౌజ్ తన పాత కొలిమి ఎప్పుడు ఖాళీ చేశాడు?" అన్నాడు.

"జులైలో. ఏటి ఒడ్డున, మలోయ్‌కి అవతలి పక్కన కొత్తది కట్టాడుగా."

"బండి చక్రాలకి తొడిగే ఇనప కట్లు పాత కొలిమి పక్కన కుప్పగా ఉండేవి. అవీ పట్టుకెళ్ళాడా?"

"పట్టుకెళ్ళకపోతే వదిలేసిపోతాడా క్రౌజ్? మేకు ముక్క కూడా వదలడు."

అతను తలాడించి మళ్ళీ నీడ వైపు తిరిగాడు. నాకు ఇనుము సంగతి అర్థం కాలేదు. కానీ ఇంటికి నడుస్తుంటే ఇంకో సంగతి అర్థమైంది.

మా ఊళ్ళో ఆ వేసవి ఒక అలవాటు పడింది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మావారు పటం తీసి మా బల్ల మీద పరిచేవారు. జనం వచ్చి ఎవరి స్థలం వాళ్ళు చూసుకుని వెళ్ళేవారు. చదువు రానివాళ్ళు వేలు పెట్టి, "ఇదేనా నాది?" అని అడిగి, మరుసటి వారం మళ్ళీ వచ్చి అదే చోట వేలు పెట్టేవారు. మలోయ్ స్థలం మీద సబ్బు మరక ఉండేది. అందుకే ట్వీడీ గుమ్మంలో నీళ్ళ బేసిను పెట్టి అందరి చేతులూ కడిగించేవాడు. చూడ్డం అయ్యాక పటం చుట్టేదీ, గొట్టంలో పెట్టి మూత బిగించేదీ అతనే. ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. మావారు ఆ గొట్టాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసేవారు, అంతే.

డౌడ్ దిగిన శనివారం కూడా అలాగే వేశారు. మూత బిగించిన గొట్టం అందరం చూశాం. దాని లోపలికి ఎవరం తొంగి చూడలేదు.

*

మావారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత ఆయనే అడిగారు. ఎండలో మోకాళ్ళ మీద కూర్చున్న ఆ మనిషి దొంగలా కనపడలేదు నాకు. పని చేస్తున్నాడు. చెబితే క్రౌజ్ వాళ్ళు ఆ పని ముగియనివ్వరు. కానీ చెప్పని ప్రతి రోజూ మా తలుపు మీద సుద్దరాతలు పెరుగుతున్నాయి. నా భర్త పేరు పణంగా పెట్టి నేను ఆడుతున్నానని నాకు తెలుసు.

ఆదివారం భోజనానికి ట్వీడీ వచ్చాడు. అందరూ లేచి వెళ్ళాక అతని ముందు ఎండు ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపిరొట్టె ముక్క ఒకటి పెట్టాను.

"ఆ శనివారం గొట్టం మూత బిగించింది మీరేగా?" అన్నాను, గిన్నెలు తీస్తూ.

చెంచా సగంలో ఆగింది.

"రేపు మధ్యాహ్నం కొట్టులో అందరూ కూడుతున్నారు," అన్నాను. "మావారిని ఉంచాలా దించాలా అని చేతులెత్తి తేలుస్తారట. ఎల్లుండి బండి. అప్పటిదాకా నేనేం అనను. రొట్టె తినండి, చల్లారిపోతుంది."

అతను తిన్నాడు. ముక్క మొత్తం తిని, కంచం తనే కడిగి పెట్టి, చుట్టలు చంకలో పెట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం కొట్టులో నిలబడే చోటు లేదు. జీనుల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. డౌడ్ ఒక మూల టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. క్రౌజ్ ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మేయరు గారంటే నాకేం పగ లేదు. నా గుర్రానికి జీను కుట్టింది ఆయనే, బాగానే కుట్టాడు. కానీ రేపు బండిలో వెళ్ళడానికి పటం లేదు. నా కొత్త కొలిమి కింద నేల ఎవరిదో నాకు తెలీదు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి."

"చెప్పాలి," అన్నారు మావారు. "మీరు చేతులెత్తండి. నేను లెక్కపెడతాను. లెక్క తప్పు చెప్పానంటారేమో, మలోయ్‌ని కూడా లెక్కపెట్టమనండి."

"నాకు ఇరవై దాకానే వచ్చు," అంది మలోయ్. "అంతకంటే ఎక్కువ మంది ఎత్తితే వాళ్ళ బట్టలు నేనింక ఉతకను."

నవ్వులు ఆగకముందే తలుపు తెరుచుకుంది. ట్వీడీ వచ్చాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చేతిలో రెండు చుట్టలు. నేరుగా నడిచి వచ్చి రెండూ బల్ల మీద పరిచాడు. ఒకటి కొత్తది. రెండోదాని మీద, వీధి చివర, సబ్బు మరక ఉంది.

క్రౌజ్ బల్ల మీదికి వంగి చూశాడు. మావారు సబ్బు మరక మీద వేలు పెట్టి చూశారు. నా వైపు చూశారు. నేను పగ్గాల వైపు చూశాను.

ఆ కొత్త పటమే మావారి చంకలో హెలెనా చేరింది, గడువుకి ఒక్కరోజు ముందు. అక్టోబరు మొత్తం మావారు మా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని నూట పద్దెనిమిది పట్టాలూ తన చేత్తో రాశారు. మూడు సిరా బుడ్లు అయిపోయాయి. డౌడ్ వెళ్ళేటప్పుడు నా దగ్గర చిక్కుడు గింజల వంట ఎలాగో రాయించుకుని వెళ్ళాడు. మా ఆయన్ని ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మేయరుగా నిలబెట్టారు, ఒకసారి ఆయన వద్దన్నా కూడా. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మధ్యాహ్నం మావారు అడిగింది ఒక్కమాటే. "ఎందుకు ట్వీడీ?"

ట్వీడీ జనం వైపు తిరిగి నిలబడ్డాడు. అతను చెప్పింది ఇది:

"నేనే తీశాను. మేయరు గారికి తెలీదు, డౌడ్ గారికీ తెలీదు. అవతలి శనివారం చుట్టేటప్పుడు నా కాగితాల్లో కలిపేసి, ఖాళీ గొట్టానికి మూత బిగించి ఇచ్చాను. రెండేళ్ళ కింద ఈ వీధి కొలిచినప్పుడు నా దిక్సూచిని క్రౌజ్ గారి పాత కొలిమి పక్కనే పెట్టాను. అక్కడ చక్రాల ఇనప కట్లు కుప్పగా ఉన్నాయి. ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకి లాగుతుందని పనిలో చేరిన మొదటి రోజు నేర్పుతారు. నాకూ నేర్పారు. అప్పుడు ఎండగా ఉంది, నీడ కొలిమి పక్కనే ఉంది. ఆ నీడలో నిలబడి గుంజలు వరసగా పాతుకుంటూ పోయాను. మీరు ఆ గుంజల్ని నమ్మి ఇళ్ళు కట్టుకున్నారు. కాగితం మీద మాత్రం వీధి తిన్నగా గీశాను, తిన్నగానే ఉందనుకున్నాను గనక. ఆ శనివారం పొద్దున్న దిక్సూచి అదే చోట పెట్టి చూస్తే ముల్లు వేరే వైపు చూపించింది. కట్లు లేవుగా! పాత కొలిమి దగ్గర తేడా జానెడే. ఏటి దగ్గరికి వచ్చేసరికి నలభై అడుగులు. మేయరు గారు ఆ పాత పటం మీద సంతకం పెడితే మలోయ్ గారి ఇల్లు క్రౌజ్ గారిదయ్యేది. క్రౌజ్ గారి కొత్త కొలిమి నడివీధిలో ఉండేది. ముద్ర పడ్డాక మార్చడానికి ఉండదు. ఇంత తిన్నని వీధి లేదని రోజూ మీ అందరి ముందూ అన్న నోటితో, అది వంకరని ఆ శనివారం చెప్పలేకపోయాను. వారం దొరికితే సరిచేసి, పటం దొరికిందని చెప్పి పెట్టేద్దామనుకున్నాను. ఇంతలో ఆ తలుపు మీద రాతలు మొదలయ్యాయి. ఈసారి ముల్లుని నమ్మలేదు, మిట్టమధ్యాహ్నం నీడని బట్టి దిక్కు తేల్చుకుని కొలిచాను. ఇందులో ఇళ్ళు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. వీధి వంకరగా ఉంది, ఉన్నదున్నట్టు గీశాను. నన్ను జైల్లో పెట్టాలంటే పెట్టండి మేయరు గారూ. కాకపోతే మన ఊళ్ళో జైలు లేదు. దానికి స్థలం నాలుగో వీధిలో, చర్చి వెనక చూపించాను. ముందు సంతకం పెట్టండి."